కట్టెలే చౌక

బన్నుల వాసనకు మెలకువ రావడం బ్లెస్సీకి ఇంకా కొత్తగానే ఉంది. పెళ్ళయి ఆరు నెలలు కావస్తున్నా, పొద్దున్నే ఆ వాసన ముక్కుకు తగలగానే కళ్ళు తెరవకుండా అట్లాగే పడుకుని కాసేపు నవ్వుకునేది. గిద్దలూరులో పుట్టింట్లో ఆమెను నిద్ర లేపింది తల్లి కేకలు. తర్లుపాడులో ఈ అత్తగారింట్లో బన్నులు లేపేవి. దుప్పటికీ తలగడకూ అదే వాసన, భర్త ఏబేలు చొక్కాలకూ అదే. ఆదివారం గుడిలో బైబిలు తెరిస్తే అందులోంచి కూడా వెన్న కాగినట్టు కమ్మగా వచ్చేది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆ వాసనకు నవ్వితే ఆమెకు సిగ్గూ గర్వమూ ఒక్కసారే కలిగేవి.

బస్టాండు రోడ్డు మీదికి తెరుచుకున్న ముందు గది దుకాణం. అక్కడ కూర్చునేది మామ కరుణాకరం. పిండి కలిపి ట్రేలలో సర్దేది ఏబేలు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, బన్నులు కాల్చడానికి ఇటుకలతో కట్టిన బట్టీ మాత్రం అత్త మార్తమ్మది. తెల్లవారక ముందే లేచి, బట్టీ కడుపులో కట్టెలు పేర్చి అంటించేది. ఇటుకలు ఎర్రబడి వేడి పట్టాక నిప్పులన్నీ బయటికి లాగి, గచ్చు తుడిచి, పొడవాటి కర్రతో ట్రేలు లోపలికి తోసి, ఇనుప తలుపు మూసేది. మూశాక పాట ఎత్తుకునేది.

ఆ పాటే ఆమె గడియారం. ఏబేలు పుట్టక ముందు నుంచీ అంతే. గుడిలో నేర్చుకున్న ఆ కీర్తనను పల్లవితో మొదలుపెట్టి, ఆరు చరణాలూ పాడి, తిరిగి పల్లవికి వచ్చి ఆపిందంటే బన్నులు తీసే వేళ అయినట్టు. రస్కులకు వేరే పాట, అది ఇంకా పొడుగు. కొత్తగా కాపురానికి వచ్చిన వారంలోనే బ్లెస్సీ ఇది చూసి మురిసిపోయి, పాట మొదటి నుంచీ చివరిదాకా ఫోనులో వీడియో తీసి తల్లికి పంపింది. ఆమె తల్లి దాన్ని గిద్దలూరులో తన వీధి అంతటికీ చూపించింది.

"పాట మధ్యలో ఎవరన్నా పలకరిస్తే ఎట్ల అత్తా?" అని ఒకసారి అడిగింది.

"పలకరించరు. బన్ను మాడుతుందని ఊరందరికీ తెలుసు," అంది మార్తమ్మ.

ఆ బన్నులే వానాకాలం పోయేసరికి మాడటం మొదలైంది. ముందు అడుగులు నల్లబడ్డాయి. తర్వాత పైభాగం కూడా ముదురు రంగుకు తిరిగింది. బస్టాండులో టీ కొట్టు నడిపే వెంకటస్వామి ఒకరోజు ట్రే ట్రేనే తెచ్చి గల్లా పక్కన పెట్టి, ఇవి టీలో ముంచితే మెత్తబడటానికి సాయంత్రమవుతుంది బావా, అని పోయాడు. కరుణాకరం ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాడు. తప్పంతా కట్టెలది అన్నాడు. మునుపు మంచి తుమ్మకట్టె వచ్చేది, ఇప్పుడు కంపచెట్లు కొట్టి అమ్ముతున్నారు, అవి ఒకసారి పొగ చిమ్ముతాయి, ఒకసారి భగ్గుమంటాయి, బట్టీ చేతిలో ఉండదు అన్నాడు.

ఏబేలుకు కట్టెలంటేనే గిట్టేది కాదు. మార్కాపురంలో బేకరీలన్నీ గ్యాసుకో కరెంటుకో మారిపోయాయనీ, మనమే ఇంకా పొగలో ఉన్నామనీ తండ్రితో వాదించేవాడు. గ్యాసు బండ ధర నీ మామ కడతాడా అని తండ్రి. ఆ మాటకు బ్లెస్సీ ఉలిక్కిపడితే, నీ నాయనను కాదులే అమ్మా అని మళ్ళీ సర్దుబాటు. ఇద్దరి మధ్యా రోజూ ఇదే నడిచేది. మార్తమ్మ మాత్రం మాట కలిపేది కాదు. పిండి దుమ్ముకు దగ్గొస్తా ఉందంటూ కొంగు అడ్డం పెట్టుకుని షెడ్డులోకి పోయేది.

చివరికి బ్లెస్సీయే ముందుకొచ్చింది. తాను బీకాం చదివింది. ఏది ఎంత పడుతుందో కూర్చుని లెక్క కడితే ఈ గొడవ ఒక్కరోజులో తేలిపోతుందని చెప్పింది. మామ సరేనన్నాడు. ఆమెకు ఎంత సంతోషమైందంటే, ఆ మధ్యాహ్నం అన్నంలో పప్పు వేసుకోవడం మరిచిపోయి ఉత్త మజ్జిగతో తినేసింది.

ఏబేలు బండి వెనక కూర్చుని మార్కాపురం పోవడం ఆమెకు పండగలా ఉండేది. రోడ్డు పక్క పొలాల్లో కంది పూతకు వచ్చింది. పలకల ఫ్యాక్టరీల ముందు గుట్టలుగా పోసిన పలకరాతి ముక్కలు ఎండకు నీలంగా మెరుస్తున్నాయి. గ్యాసు ఏజెన్సీలో బండ ఎంతో, ఎన్ని ట్రేలకు వస్తుందో కనుక్కున్నారు. కరెంటు ఆఫీసులో త్రీ ఫేజ్ మీటరుకూ, దుకాణాల రేటుకూ ఎంతవుతుందో రాసుకున్నారు. పొద్దున కరెంటు పోతే ఎట్లా అని ఆమె అడిగితే, జనరేటరు పెట్టుకోండమ్మా అని అక్కడి ఉద్యోగి నవ్వాడు. డీజిలుతో నడిచే ఓవెనూ చూశారు. సోలారు అమ్మే అతను మన దగ్గర ఎండకు కొదవేముంది మేడమ్ అంటే, మా బన్నులు ఎండ రాకముందే అమ్ముడుపోతాయి అన్నా అని బ్లెస్సీ చెప్పిన మాటకు ఏబేలు బండి మీద తర్లుపాడు దాకా నవ్వుతూనే వచ్చాడు. దారిలో ఇద్దరూ చెరకు రసం తాగారు. ఒక గ్లాసు, రెండు స్ట్రాలు. ఆ రోజును జీవితాంతం గుర్తు పెట్టుకోవాలని ఆమె అనుకుంది.

శనివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. కరెంటు అన్నిటికన్నా ఎక్కువ. డీజిలు దాని తర్వాత. గ్యాసు కొంత నయమేగాని, ఓవెను కొనాలి కాబట్టి మొదట్లో చాలా భారం. మాడిన బన్నులు నెలనెలా పారేసుకున్నా సరే, కట్టెలకయ్యే ఖర్చు గ్యాసులో సగం కూడా లేదు.

"కట్టెలే చౌక మామా," అని ముగించింది.

కరుణాకరం తొడ మీద చరుచుకున్నాడు. చదువుకున్న కోడలంటే ఇట్ల ఉండాల అన్నాడు. పెళ్ళయ్యాక మామ తనను మెచ్చుకోవడం అదే మొదలు. బ్లెస్సీ ముఖం వెలిగిపోయింది. ఏబేలు మాత్రం నవ్వలేదు.

"మా అమ్మ కూలి వేసినావా అందులో?" అన్నాడు.

బ్లెస్సీ తెల్లబోయింది. "ఇంటి మనిషికి కూలి ఏంది బావా? అట్లయితే నువ్వు పిండి కలిపినందుకు, మామ గల్లా దగ్గర కూచున్నందుకు కూడా వేయాల."

"గ్యాసొస్తే నా పని తగ్గదు. నాయన పనీ తగ్గదు. తగ్గేది అమ్మకే."

అందరూ మార్తమ్మ వైపు చూశారు. ఆమె పళ్ళెంలో మెతుకులు ఏరుతూ ఉంది. తల ఎత్తి కొడుకును కాదు, కోడలిని చూసింది.

"నాకేం కూలి రా. బిడ్డ సరిగ్గానే చెప్పింది. కట్టెలే ఉండనీ."

దానితో మాట ఆగిపోయింది. కరుణాకరం కట్టెల మనిషిని మార్చాడు. తుమ్మ కావాలని కొనకనమిట్ల వైపు పల్లెలకు కబురు చేసి తెప్పించాడు. ఆ రాత్రి ఏబేలు ముభావంగా అటు తిరిగి పడుకుంటే, తాను గెలిచినందుకు కోపమొచ్చిందని బ్లెస్సీ అనుకుంది. మర్నాడు మార్తమ్మ వేడి బన్ను చీల్చి, చక్కెర చల్లి తన చేతిలో పెట్టినప్పుడు, అత్త తనవైపే ఉందని పొంగిపోయింది.

తుమ్మకట్టె వచ్చాక కూడా బన్నులు మాడాయి.

క్రిస్మస్ నెల వచ్చింది. దుకాణం మీద కాగితపు నక్షత్రం కట్టారు. చుట్టుపక్కల పల్లెల క్రైస్తవ సంఘాల నుంచి కేకులకు ఆర్డర్లు వస్తున్నాయి. పని పెరిగేకొద్దీ కరుణాకరం నోరూ పెరిగింది. నీ కళ్ళు బట్టీ మీద ఉన్నాయా, ఊరి మీద ఉన్నాయా అని భార్యను అనేవాడు. ఆమె ఎదురు చెప్పేది కాదు. షెడ్డు గడప దగ్గర ద్వారబంధం పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి పోయేది. చలికాలం కదా, జలుబు అనుకుంది బ్లెస్సీ. మిరియాల పాలు కాచి ఇచ్చింది. మార్తమ్మ తాగి, బాగున్నాయమ్మా అంది.

ఒక మంగళవారం పొద్దున బ్లెస్సీ దుకాణంలో రస్కులు సంచుల్లో నింపుతూ ఉంది. మనసు హుషారుగా ఉంది. క్రిస్మస్ ఆరాధనకు ఆడవాళ్ళందరూ కలిసి అత్త బన్నులకు పాడే కీర్తనే పాడబోతున్నారు, అత్త పక్కన నిలబడి తానూ పాడాలని కోరిక. చరణాలు ఇంకా పూర్తిగా నోటికి రాలేదు. ఫోనులో పాత వీడియో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే వెనక షెడ్డులో ఇనుప తలుపు పడిన చప్పుడూ, మార్తమ్మ పల్లవి ఎత్తుకోవడమూ వినిపించాయి. రెండు గొంతులూ ఒక్కసారే మొదలయ్యాయి. బ్లెస్సీకి సరదా వేసింది. ఇద్దరు అత్తలు నాకోసం పాడుతున్నారని నవ్వుకుంటూ తానూ గొంతు కలిపింది.

మొదటి చరణం దాటేసరికి ఫోను కాస్త ముందుకు పోయింది. రెండో చరణంలో ఇంకా ముందుకు పోయింది. బ్లెస్సీ పాడటం ఆపి విన్నది. ఫోనులోని మార్తమ్మ ఒక్క ఊపిరిలో పాడే పాదాన్ని, షెడ్డులోని మార్తమ్మ రెండు ముక్కలు చేసి పాడుతోంది. మధ్యలో ఆగుతోంది. ఆ ఆగిన చోట పాట లేదు, ఈల వేసినట్టు సన్నటి చప్పుడు ఉంది. తర్వాతి పాదం మూడు ముక్కలైంది. ఫోనులో ఆరో చరణం అయిపోయి, పల్లవి తిరిగి వచ్చి, పాట ముగిసింది. వెనక షెడ్డులో ఇంకా నాలుగో చరణమే నడుస్తోంది.

మాడు వాసన దుకాణంలోకి వచ్చింది.

సంచి కింద పడేసి బ్లెస్సీ వెనక్కి పరుగెత్తింది. మార్తమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఒక చేయి గుండె మీద, ఒక చేయి గోడ మీద. పెదవులు నీలంగా ఉన్నాయి. తలుపు సందుల్లోంచి పొగ వస్తుంటే బ్లెస్సీ దాన్ని తెరవబోయింది. మార్తమ్మ చేయి అడ్డం పెట్టింది.

"పాట... అయిపోలేదు," అంది. "ఇంకా... రెండు ఉండాయి."

పల్లవి దాకా పోకుండా ట్రే తీస్తే బన్ను పచ్చిగా ఉంటుందని ఆమె భయం. కళ్ళ ముందు పొగ కనబడుతున్నా, ముక్కుకు వాసన తగులుతున్నా, ఇన్నేళ్ళూ ఎన్నడూ తప్పు చెప్పని పాటనే ఆమె నమ్ముతోంది. అయిదో చరణం మొదలుపెట్టబోయి, ఒక్క అక్షరం కూడా రాక, బ్లెస్సీ భుజం మీద వాలిపోయింది.

ఇద్దరూ వాకిట్లోకి వచ్చేసరికి పొగ చూసి కరుణాకరం కూడా వచ్చాడు. మళ్ళీ మాడగొట్టినావా అన్నాడు. ఇదే మాట రోజూ వింటున్నదే. కానీ ఆ పూట బ్లెస్సీకి అది తన గుండెల్లో పొడిచినట్టయింది. పెళ్ళయిన నాటి నుంచి మామ ముందు గొంతు పెంచి ఎరగదు. ఆ రోజూ పెంచలేదు. మాటలు మాత్రం ఆగలేదు.

"కట్టెలది తప్పు కాదు మామా. అత్తది కూడా కాదు. అత్తకు ఊపిరి ఆడటం లేదు. ఊపిరి ఆడక పాట సాగుతా ఉంది. పాట సాగి బన్నులు మాడుతున్నాయి. మనం కట్టెలు మారుస్తా కూచున్నాం."

కరుణాకరానికి ముందు అర్థం కాలేదు. ఆమె ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. వేసవిలో పాడిన మార్తమ్మ గొంతు గలగలా వచ్చింది. ఎదురుగా అరుగు మీద అదే మార్తమ్మ నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంటోంది. అతను ఒకసారి ఫోనును, ఒకసారి భార్యను చూశాడు. అతని చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. వంగి తీసుకోలేదు.

ఏబేలు పిండి చేతులతోనే తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు. వానలు పడ్డప్పటి నుంచే దమ్ము సాలడం లేదని ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"మరి చెప్పొద్దా అమ్మా? గ్యాసు పెడదామని నేను కొట్లాడుతుంటే నువ్వే కదా కట్టెలే ఉండనీ అన్నావు."

మార్తమ్మ చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"గ్యాసొస్తే మీట నొక్కుతారు. దానికి నేనెందుకు? ఈ ఇంటికి నన్ను తెచ్చిందే బట్టీ చూసుకునేదానికి. మీ జేజి, మా అత్త, మొదటి రోజే ఆ కర్ర నా చేతికిచ్చింది. అది నా చేతిలో లేకపోతే... నన్ను యాడ కూచోబెడతారు మీరు?"

కరుణాకరం ముఖం తిప్పుకున్నాడు.

మార్కాపురం డాక్టరు ఒంగోలుకు పంపాడు. ఒంగోలులో ఫోటోలు తీశారు, గొట్టంలోకి ఊదించారు. ఆ డాక్టరు రోజుకు ఎన్ని బీడీలు తాగుతుందని అడిగాడు. మా అమ్మ బీడీ ముట్టలేదని ఏబేలు చెబితే, అయితే ఏ పొయ్యి దగ్గర పని చేస్తుందని అడిగాడు. విన్నాక నెమ్మదిగా, తన ఇంట్లో మనిషికి చెప్పినట్టే చెప్పాడు. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. పొగ దగ్గరికి ఇక పోకూడదు. మందు పీల్చాలి. పాటలు పాడవచ్చా అని మార్తమ్మ అడిగింది. డాక్టరు కాగితం మీద రాస్తూ, కొంచెం కొంచెం అమ్మా, అన్నాడు. ఆ కొంచెం ఎంతో ఆమెకు అర్థమైనట్టుంది, మళ్ళీ అడగలేదు.

బ్లెస్సీ బయట వరండాలో నిలబడి ఏడ్చింది. గ్యాసు రేటు తెలుసుకోవడానికి ఎండలో అంత దూరం పోయింది. డీజిలు ధర, మీటరు బాడుగ, జనరేటరు అన్నీ కనుక్కుంది. కట్టెలకు ఎంతవుతుందో కట్టెలమ్మేవాణ్ణి అడిగిందే తప్ప, రోజూ వాటిని కాల్చే మనిషిని ఒక్క మాట అడగలేదు. ఆ మనిషి తన ఇంట్లోనే, తన పక్కనే కూర్చుని అన్నం తింటోంది. ఆమె చేతి బన్ను తింటూనే కట్టెలే చౌక అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్తకు కిటికీ పక్కన సీటు ఇచ్చి, పొదిలి దాటాక ధైర్యం చేసి ఆమె చేయి పట్టుకుంది. నా వల్లనే ఇంకో రెండు నెలలు పొగ తాగావు అత్తా, అని చెప్పేసింది.

మార్తమ్మ ఆ చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు లెక్క చెప్పినావు. నేను సరే అన్నాను. నీ ఒక్కదాని తప్పేంది." కిటికీ బయటికి చూస్తూ మళ్ళీ అంది, "బాగ చెప్పినావులే ఆ రోజు. మేడమ్ మాదిరి ఉన్నావు. నేను మీ అమ్మతో కూడా చెప్పినాను."

అది విని బ్లెస్సీ మరింత ఏడ్చింది.

గ్యాసు ఓవెనుకు కరుణాకరమే పోయి బయానా ఇచ్చి వచ్చాడు. ఎంతని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పండగ రద్దీలో అది రావడానికి వారం పడుతుందన్నారు. సంఘాలకు ఒప్పుకున్న కేకులు మాత్రం ఆ వారంలోనే పోవాలి. ఆర్డర్లు వదిలేద్దామని ఏబేలు అన్నాడు. మర్నాడు పొద్దున్నే కరుణాకరం లుంగీ ఎగగట్టుకుని షెడ్డులోకి తానే పోయాడు. ఏబేలు వెంట పోబోతే చేత్తో ఆపి, నువ్వు పిండి చూడు అన్నాడు.

ఇన్నేళ్ళలో బట్టీ లోపలికి అతను తల పెట్టి చూసింది లేదు. కట్టెలు అంటుకోవడానికే చాలాసేపు పట్టింది. నిప్పులు లాగేటప్పుడు మోచేయి కాలింది. బ్లెస్సీ గుమ్మం బయట ఫోనులో టైము చూసుకుంటూ నిలబడి, ఎప్పుడు తీయాలో చెబుతూ వచ్చింది. లోపల దగ్గు మొదలైంది. మామా, బయటికి రండి, కాసేపు గాలి తగలనీయండి అని ఆమె పిలిచినా రాలేదు. మొదటి వాయి అయింది, రెండోది అయింది. వాయి వాయికీ దగ్గు ఎక్కువైంది. చివరి ట్రే బయటికి తోసేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది.

మార్తమ్మ ఆ ఎండలో నులక మంచం మీద కూర్చుని ఉంది. పక్కన మందు పీల్చే గొట్టం. చేతులకు పని లేక కొంగు అంచును మడుస్తూ, విప్పుతూ ఉంది. కరుణాకరం షెడ్డులోంచి బయటికి వచ్చాడు. తలంతా బూడిద. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. మంచం దాకా నడిచి వచ్చి, అక్కడ ఏం చేయాలో తెలియనివాడిలా ఆమె ముందు నిలబడ్డాడు. ఆయాసం తగ్గేదాకా అట్లాగే ఉన్నాడు.

"ఎట్ల చేసినావే ఇన్నేండ్లు?" అన్నాడు.

మార్తమ్మ జవాబు చెప్పబోయింది. ఊపిరి అందలేదు. చెప్పడం మానుకుని అతని వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ బ్లెస్సీకి ఆ ముఖంలో కోపం కనబడలేదు, నవ్వూ కనబడలేదు. మార్తమ్మ అతని కాలిన మోచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, దాని మీద మెల్లగా ఊదబోయింది. అదీ చేతకాలేదు.

అతను ఆమె చేతిని అట్లాగే పట్టుకుని తల వంచుకున్నాడు.

మార్తమ్మ కొంచెం పక్కకు జరిగి, మంచం మీద చోటిచ్చింది.